సంతాపం సార్

సార్ పోయిన కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. మా కాలేజీ పాత స్టాఫ్ గ్రూపు తెరిచి చూస్తే అప్పటికే అందరూ వరసబెట్టి 'ఆర్ఐపీ' అని పెట్టేస్తున్నారు, వెనకాల ఒక దండం బొమ్మ. లైబ్రేరియన్ పెట్టాడు, కామర్స్ మేడం పెట్టింది, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సార్‌తో మాట కలపని ఫిజిక్స్ ఆయన రెండుసార్లు పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే బాధ కూడా అయింది. ఆ మూడక్షరాలంటే సార్‌కు ఒళ్లు మంట. "మనిషి అంత కాలం బతికితే మూడక్షరాలతోని సాగనంపుడేంది పండిత్‌జీ, బస్సుకు రైట్ రైట్ అన్నట్టు?" అనేవాడు.

పండిత్‌జీ అంటే నేనే. సిరిసిల్లలో సాలెవాళ్ల ఇంట పుట్టి మగ్గాల చప్పుడులో పెరిగినవాణ్ణి. జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. తెలుగు చెప్పే ప్రతివాడూ ఆయన లెక్కలో పండితుడే. ఆయన ఇంగ్లీషు చెప్పేవాడు. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేవాడు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, క్లాసులో ఆ రెండూ కలిపి ఇంగ్లీషు పాఠం. "జర ఇంగ్లీషుల మాట్లాడుండ్రి సార్" అని పిల్లలు అడిగితే, "బతికున్నోళ్లకు తెలుగు చాలదా?" అనేవాడు.

నిజంగానే ఆయన నిండుగా ఇంగ్లీషు వాడేది చనిపోయినవాళ్ల కోసమే. ఊళ్లో ఎవరు పోయినా, పోయినాయన ఏ సంఘంలో ఉన్నా, సంతాప తీర్మానం సార్ రాయాల్సిందే. లాయర్లు, రైస్ మిల్లులవాళ్లు, రిటైరైన టీచర్లు, అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. తీర్మానం నకలు ఒకటి ఇంటివాళ్లకు ఇస్తారు. వాళ్లు దానికి ఫ్రేము కట్టించి ఫొటో పక్కన వేలాడదీస్తారు. తెలుగులో రాసిస్తామంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఇంగ్లీషులో ఉంటేనే పోయినాయనకు మర్యాద. సభలో సార్ దాన్ని ఇంగ్లీషులో చదివితే, పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని నాది. అట్లా చావు ఎక్కడుంటే అక్కడికి మేమిద్దరం జోడెడ్ల లెక్క పోయేవాళ్లం. పిల్లలు ఆయనకు సంతాపం సార్ అని పేరు పెట్టారు. నాకేం పెట్టారో నా చెవిన పడలేదు గానీ, పెట్టకుండా ఉండరు.

ఆ పేరుతో ఆయనకు ఒక చిక్కు వచ్చిపడింది. రోగుల్ని చూడ్డానికి పోలేకపోయేవాడు. ఒకసారి మా ప్రిన్సిపాల్‌కు గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో ఉంటే పండ్లు కొనుక్కుని ఇద్దరం పోయాం. మంచం మీది మనిషి సార్‌ను చూడగానే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆయన భార్య మమ్మల్ని మెల్లగా వరండాలోకి తీసుకొచ్చింది. "అన్నా, మీరు ఏమనుకోవద్దు. ఆయనకు తగ్గినంక ఇంటికి రాండ్రి, చాయ్ తాగి పోదురు" అంది. సార్ తల ఊపాడు. ఆ తర్వాత ఎవరికి బాగాలేకపోయినా పండ్లు నాతో పంపేవాడు, తాను వచ్చేవాడు కాదు.

ఒక్కో మాటకు ఆయన దగ్గర ఒక్కో లెక్క ఉండేది. 'ఎక్స్‌పైర్డ్' పింఛను ఫైళ్లకు. నిండు వయసులో, అయినవాళ్లు చుట్టూ ఉండగా పోయినవాళ్లకు 'పాస్డ్ అవే'. 'బ్రీత్డ్ హిజ్ లాస్ట్' అని రాయమంటే, "ఆఖరి శ్వాస ఇడిసినప్పుడు పక్కన ఎవరున్నరు?" అని అడిగేవాడు. ఎవరూ లేరంటే రాసేవాడు కాదు. ఒక పెద్ద కాంట్రాక్టరు పోతే ఆయన కొడుకులు 'లెఫ్ట్ ఫర్ హిజ్ హెవెన్లీ అబోడ్' అనే ఉండాలని పట్టుబట్టారు. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఎక్కడికి పోయిండో మనకెట్ల ఎరుక బాబూ? పోయిండు. గంతవరకే నేను రాయగలుగుత" అన్నాడు. వాళ్లు ఇంకొకరి దగ్గర రాయించుకున్నారు.

'లేట్' అన్న మాటను నలభయ్యో రోజు దాటేదాకా ఎవరి పేరు ముందూ పెట్టేవాడు కాదు, హిందువైనా ముస్లిమైనా.

"మా దాంట్ల మర్హూం అంటరు పండిత్‌జీ. అల్లా రహమ్ చేయాలె, దయ జూడాలె అని. గది దువా. మీ లేట్ ఉత్త ఖబర్."

"మా లేట్ ఏంది సార్? ఇంగ్లీషు చెప్పేది మీరు గదా."

దానికి నవ్వేవాడు. నేను మాత్రం ఊరుకునేవాణ్ణా? మీ ఇంగ్లీషులో నాలుగు మాటలుంటే మా తెలుగులో నలభై ఉన్నాయి, కాలం చేసిండు, కన్ను మూసిండు, పరమపదించారు, శివైక్యం చెందారు అని ఏకరువు పెట్టేవాణ్ణి. "ఉన్నయ్, ఎవరు కాదన్నరు? గని మైకు ముంగటికి పోంగనే అన్నిటికి కీర్తిశేషులు ఒక్కటే అంటవు" అనేవాడు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చేది.

ఇదంతా విని ఆయన మొండివాడనుకుంటారు. అనుకునేవాళ్లు అనుకోనీ. సిరిసిల్లలో మా వాడకట్టు పెద్దమనిషి ఒకాయన ఎనభై దాటి పోయాడు. నేత కార్మికుల సొసైటీ తీర్మానం కోసం నేనే సార్‌ను తీసుకుపోయాను. ఆయన కొడుక్కే అరవై ఉంటాయి, నెత్తి పండిపోయింది. 'అన్‌టైమ్లీ డిమైజ్' అని తప్పకుండా రాయాలన్నాడు. అంటే అకాల మరణం.

"ఎనభై దాటినంక గూడ అకాలమేనా అన్నా?" అన్నాడు సార్.

"మాకు ఇంక కాలం గాలే సారూ" అన్నాడు కొడుకు.

సార్ ఇంకో మాట లేకుండా రాసిచ్చాడు. తిరుగు బస్సులో నాతో, "ఆయన చెప్పిందే కరెక్టు. నేను ఉత్తగ వయసు జూసిన" అన్నాడు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పోయినవాళ్ల ఇంటికి పోయి, కాసేపు కూర్చుని, వాళ్ల నోటి మాట వినకుండా తీర్మానం రాయకూడదని. ఎట్లా పోయాడని మాత్రం ఎన్నడూ అడిగేవాడు కాదు. ఎట్లా ఉండేవాడని అడిగేవాడు.

ఈ తమాషాలన్నీ ఒక ఎత్తు, తెలంగాణ ఉద్యమం రోజుల్లో రాసిన తీర్మానం ఒక్కటీ ఒక ఎత్తు.

అప్పుడు క్లాసులు లేవు. కాలేజీ గేటు ముందే రిలే దీక్షల టెంటు వేశారు. సార్ బస్సు నడిస్తే బస్సులో, లేకుంటే ఎవరి బండి వెనకనో ఎక్కి కోరుట్ల నుంచి వచ్చి, ఆ టెంటులో ముందు వరస కుర్చీలో కూర్చునేవాడు. ఆ రోజుల్లోనే మా డిగ్రీ రెండో సంవత్సరం పిల్లవాడు ఒకడు, తెలంగాణ ఇక రాదన్న దిగులుతో ప్రాణం తీసుకున్నాడు. అట్లాంటి కబుర్లు అప్పుడు తరచుగా వింటున్నాం. ఒక ఊళ్లో సంతాప సభ జరిగి, అక్కడ పెద్ద పెద్ద మాటలు మైకులో మోగి, వారం తిరగక ముందే పక్క ఊళ్లో ఇంకో పిల్లవాడు పోయేవాడు. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ పైకి అనేవారు కాదు. అనడానికి నోరు రాదు.

మావాళ్లు కాలేజీ మైదానంలో సభ పెట్టాలన్నారు. సార్ ముందు ఇంటికి పోదామన్నాడు. ఆ పిల్లవాడిది వెల్గటూర్ దగ్గర ఒక ఊరు. నా బండి మీద బయల్దేరాం. ధర్మపురి దాటాక రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి కిచిడీ వండుతున్నారు. తినందే బండి కదలనీయమన్నారు. తిన్నాం. ఎక్కడికి పోతున్నామో చెప్పగానే ఒకామె మా చేతులు కడగడానికి నీళ్లు తెచ్చి పోసింది, ఇంకేం అడగలేదు.

తండ్రి తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. మోకు గోడకు వేలాడుతోంది. కొడుకు పోయిన దగ్గర్నుంచి చెట్టెక్కడం లేదట. వాకిట్లో మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నాడు. సార్ కూడా మంచం దిగి ఆయన పక్కనే కూర్చున్నాడు. తల్లి లోపల పడుకుని ఉంది, లేవలేదు. ఇంటర్ చదివే కూతురు నీళ్లు తెచ్చి ఇచ్చి దర్వాజ దగ్గర నిలబడింది.

"ఎట్ల ఉండేటోడు గౌడన్నా?" అన్నాడు సార్.

తండ్రి చాలాసేపు చెప్పాడు. ఈత కొట్టడం, గోదావరిలో మునిగి అవతల తేలడం, చెల్లెకు లెక్కలు చెప్పడం. ఉన్నట్టుండి ఆపి, సార్ చేయి పట్టుకున్నాడు.

"సారూ, పేపర్ల పరీక్ష ఫేలయిండని రాసిన్రు. ఇంకొకడు ఎవలో పొల్లతోని ప్రేమ ముచ్చట అన్నడు. నా కొడుకు ఎన్నడు ఫేలు గాలే. వాడు దేనికి పోయిండో మీరు ఇంగ్లీషుల రాయాలె. మీరు రాస్తే ఇగ ఎవ్వలు నోరెత్తరు."

"రాస్త అన్నా."

అక్కడే కాగితం తీసి రాశాడు. తెలంగాణ కోసం 'లెయిడ్ డౌన్ హిజ్ లైఫ్' అని. చదివి వినిపించాడు. నేను తెలుగులో చెప్పాను: తెలంగాణ కోసం తన ప్రాణాన్ని అర్పించిండు. తండ్రి తువాలతో కళ్లు తుడుచుకుని చేతులు జోడించాడు. మా పని అయిపోయిందనుకుని నేను లేచాను.

"సార్, ఇంకోసారి చదువుండ్రి" అంది దర్వాజ దగ్గర నుంచి ఆ పిల్ల.

సార్ చదివాడు. ఆ పిల్ల పెదాలతో మెల్లగా తనూ ఆ ఇంగ్లీషు మాటలే అనుకుంది.

"మంచిగున్నది సార్" అంది. "ఇంత మంచి మాట మా ఇంట్ల ఎవ్వలను అనలే."

సార్ ఆ పిల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోయొస్తామని కూడా సరిగ్గా చెప్పలేదు.

ధర్మపురిలో చాయ్ హోటల్ దగ్గర బండి ఆపమన్నాడు. కూర్చోగానే ఆ కాగితం తీసి చింపాడు.

"ఆ పొల్ల కండ్లు జూసినవా?"

"చూసిన సార్."

"ఆ మాట నేను రాయ."

నాకు మండిపోయింది. ఒక తండ్రి చేయి పట్టుకుని అడిగితే రాస్తానని చెప్పి, ఊరు దాటగానే చింపేస్తారా, మీ ఇంగ్లీషు చాదస్తానికి హద్దు లేదా అని గట్టిగానే అన్నాను. పక్క బల్ల మీదివాళ్లు మావైపు చూశారు. "ఇంగ్లీషు గురించి గాదు పండిత్‌జీ" అన్నాడు. "చిన్నప్పటి నుంచి ఎవ్వలు మంచిగ ఒక్క మాట అనని ఇండ్లు మన పిల్లగాండ్లయి. సచ్చినంక ఇంత మంచి మాట అంటరని తెలిస్తే ఏమైతది? ఆ పొల్ల పెద్ద మాటకు ఆశపడ్డది. నాకు కనవడ్డది."

చాయ్ చల్లారిపోయింది. ఆయన ఒక్కో మాటా అని చూసుకుంటూ పోయాడు. 'గేవ్ హిజ్ లైఫ్' అంటే అదీ ఇంకొకణ్ణి చావుకు పిలిచే మాటే. 'డైడ్ ఫర్ తెలంగాణ' కూడా అంతే. 'లాస్ట్ హిజ్ లైఫ్' అంటే దారిలో ఏదో జారవిడుచుకున్నట్టు ఉంటుంది, తండ్రి గుండె పగులుతుంది. 'అన్‌టైమ్లీ డిమైజ్' ప్రిన్సిపాల్‌కు ఇష్టం, ఎందుకంటే దాంట్లో తెలంగాణ ఉండదు, ఎవరికీ కోపం రాదు. ప్రతి మాట దగ్గరా ఆగి, "గిది విన్న పిల్లగానికి ఏమనిపిస్తది?" అని నన్నే అడిగేవాడు. ఏ ఒక్క మాట దగ్గరా పరవాలేదని నేను అనలేకపోయాను.

సభ రోజు మైదానం నిండిపోయింది. తండ్రి ముందు వరసలో కూతురి చేయి పట్టుకుని కూర్చున్నాడు. సార్ మైకు ముందుకు వచ్చి తీర్మానం చదివాడు. ఆ పిల్లవాడు గోదావరిలో ఈదడం దగ్గర మొదలుపెట్టి, పరీక్షలన్నీ పాసయ్యాడని చెప్పి, చివరికి వచ్చాడు. ఆ చివరి రెండు వాక్యాలు నేను తెలుగులో చెప్పిన తీరు ఇది: "తెలంగాణ రావాలని ఆయన మనసారా కోరుకున్నడు. ఆయన బతికి దాన్ని చూడాలని మనం కోరుకున్నం."

అంతే. మైదానంలో ఒక్కసారి గుసగుసలు లేచాయి. విద్యార్థి నాయకుడు స్టేజీ దగ్గరికి వచ్చి, "అమరుడు అనలేదేంది సార్? ప్రాణం ఇచ్చిండని ఎందుకు అనలే?" అన్నాడు.

"మీరు నినాదం ఇయ్యుండ్రి, నేను గూడ చెయ్యెత్తుత. గని నేను పాఠం చెప్పేటోన్ని. నాకు మీరు బతికుండాలె" అన్నాడు సార్. మైకు పక్కకు జరిగి ఉంది, ముందున్న నలుగురికి తప్ప ఎవరికీ వినపడలేదు. జోహార్ అని మైదానమంతా మోగింది. సార్ పిడికిలెత్తి నిలబడ్డాడు.

సభ అయ్యాక తీర్మానం నకలు ఇవ్వబోతే తండ్రి తీసుకోలేదు. "ఇస్తనన్న మాట గిండ్ల లేదు. మీ కాయిదం మీ దగ్గర్నే ఉంచుకోండ్రి సారూ" అన్నాడు. పక్కనే కూతురు నిలబడి వింటోంది. ఎందుకు రాయలేదో నేను చెప్పబోయాను. సార్ నా భుజం నొక్కి ఆపాడు. ఏ పిల్ల కోసం రాయలేదో ఆ పిల్ల ముందే ఆ సంగతి ఎట్లా చెబుతాం? తండ్రి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి టెంటులో ముందు వరసలో సార్‌కు కుర్చీ లేదు. సర్కారుకు భయపడ్డాడన్నారు. ప్రిన్సిపాల్ మనిషన్నారు. నాతో చాయ్ తాగేవాళ్లు కూడా ఆయన వస్తే లేచిపోయేవారు. నాకు వాళ్ల మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సార్ మాత్రం రోజూ వచ్చి వెనక కట్టెకు ఆనుకుని నిలబడేవాడు. "భయపడ్డ మాట నిజమే గదా పండిత్‌జీ, సర్కారుకు కాదు గని" అనేవాడు. మా కాలేజీలో ఆ తర్వాత ఇంకెవరూ పోలేదు. అది ఆయన మాట వల్లనా, ఇంకెందువల్లనా అంటే నేను చెప్పలేను. ఆయనా ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ తండ్రి ప్రస్తావన వస్తే మాత్రం తల వంచుకునేవాడు.

పార్లమెంటులో బిల్లు పాసైన మరునాడు నేను కోరుట్లలో సార్ ఇంట్లో ఉన్నాను. వీధిలో పటాకులు, గులాల్, బ్యాండు మేళం. మేం మాట్లాడుకునేది మాకే వినపడటం లేదు. అంత సందట్లో ఆ గౌడన్న వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. బాగా సన్నబడ్డాడు. బస్టాండు నుంచి నడిచొస్తుంటే దారిలో ఎవరో చల్లిన గులాల్ నెత్తి నిండా ఉంది. సార్ ఎదురుపోయి లోపలికి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సారే ముందు అడిగాడు.

"బిడ్డ ఎట్లున్నది అన్నా?"

"మంచిగున్నది సారూ. కరీంనగర్‌ల నర్సింగు చదువుతంది."

గౌడన్న తువాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"తెలంగాణ అచ్చింది సారూ. ఇగ ఆ మాట రాసియ్యుండ్రి. ఇగ ఆ మాట జూసి ఎవ్వలు పోరు."

సార్ లేచి కాగితం తెచ్చుకున్నాడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.